ఏ బాంబు ముందు?

పోటీ పరీక్షల పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్లు రిటైరయ్యాక, తమ దగ్గర చదివినవాళ్లలో ఎంతమంది డిప్యూటీ కలెక్టర్లయ్యారో లెక్క చెప్పుకుంటారు. నాకూ అలాంటి లిస్టు ఒకటుంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వినిపించి తిరిగినదాన్నే. ఇక్కడ మాత్రం ఆ లిస్టు జోలికి పోను. అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో గదులు కిరాయికి తీసుకుని, లైబ్రరీ గేటు తెరవకముందే వెళ్లి బ్యాగు పెట్టి సీటు ఆపుకునే మీకోసం, నేను పాఠం చెప్పడం ఎందుకు మానేశానో రాస్తున్నాను. ఎవరి పేర్లూ ఉండవు. ఒక అమ్మాయి పేరు రాయనని మాటిచ్చాను, ఆ మాట చాటున మిగతావాళ్లందరం దాక్కుంటున్నాం.

ప్రభుత్వ కాలేజీలో ఉద్యోగం అయిపోయాక, తొమ్మిదేళ్లు అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో ప్రపంచ చరిత్ర చెప్పాను. ఇల్లు చిక్కడపల్లిలోనే, నడిచి వెళితే పది నిమిషాలు. సెంటర్ మూడో అంతస్తులో ఉండేది. జాగ్రఫీ చెప్పే సార్ ఒకాయన, చరిత్రకు నేను, మా అందరి మీదా డైరెక్టర్ గారు. జాగ్రఫీ సార్ మెత్తని మనిషి, చాక్‌పీస్ విరిగినా అయ్యో అనుకునే రకం. నేను అలా కాదు. నా నోటికి పిల్లలు జంకేవారు. ఆ జంకునే గౌరవం అనుకుని చాలాకాలం సంతోషంగా గడిపేశాను.

నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుండేది. పిల్లలందరూ ఒకే జిరాక్స్ నోట్సు చదివి ఒకే జవాబు రాసేవారు. ఎవరో తొందరలో ఆ నోట్సులో ఒక దేశం పేరు తప్పు రాస్తే, మూడు బ్యాచుల పిల్లలు భక్తిగా అదే తప్పు రాశారు. ఏ పాఠం చెప్పినా నాలుగు పాయింట్లు, ఒక ఫ్లోచార్టు, రెండు అండర్‌లైన్లు. లక్షమంది ఆకలితో చచ్చిపోయారని చెప్పినా తల ఎత్తకుండా రాసుకునేవారు. ఒక్కసారైనా వీళ్ల చేతిలో పెన్ను ఆగేటట్టు చేయాలని నా పంతం.

ఆ ఏడాది రెండో ప్రపంచయుద్ధంలో, పారిశ్రామిక నగరాల మీద జరిగిన విమానదాడుల దగ్గరికి వచ్చాం. మీకు తెలియకపోతే రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకపోతే తరవాతి కథ అర్థం కాదు. మొదట్లో ఫ్యాక్టరీల మీదే బాంబులు వేసేవారు. పైకప్పు లేచిపోయేది గానీ కింద యంత్రాలు చాలావరకు నిలబడేవి. కొన్నాళ్లకు మట్టి ఎత్తిపోసి మళ్లీ తిప్పుకునేవారు. అప్పుడు దూరంగా గదుల్లో కూర్చుని లెక్కలు వేసే పెద్దమనుషులకు, యంత్రాన్ని కాదు, యంత్రం తిప్పేవాడి ఇంటిని చూడాలని తట్టింది. ఇల్లు కాలాలంటే ఒక రకం బాంబు చాలదు. ముందు పగలగొట్టేది పడాలి. అది కప్పులు లేపుతుంది, తలుపులు, కిటికీలు ఊడగొడుతుంది, రోడ్ల మీద గుంటలు పెట్టి ఫైరింజన్‌ను ఆపుతుంది, భూమిలో నీళ్ల పైపులు తెంపుతుంది. ఆ తరవాత అంటించేవి. అవి చిన్నవి, కట్టెపుల్లల్లా వేలకు వేలు రాలతాయి, కప్పులేని ఇళ్లలోకి జారతాయి. మధ్యలో కొన్ని ఆగి పేలేవి, ఆర్పడానికి వచ్చినవాళ్లు దగ్గరికి రావడానికి భయపడేటట్టు. ఊళ్లో ఇళ్లు రాతివా, చెక్కవా, సందులు ఎంత వెడల్పు, గాలి ఎటునుంచి ఎటు అని చూసి, ఏది ఎంత వేయాలో పాళ్లు కలిపేవారు.

ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్పాను. ఏళ్ల తరబడి పిల్లలు రాసుకున్నారు. ఏ ఒక్కరి పెన్నూ ఆగలేదు.

డైరెక్టర్ గారి గదిలో మా ఏరియా మ్యాపు ఒకటి గోడకు ఉండేది. ఏ సందులో ఏ హాస్టల్ ఉందో గుర్తులు పెట్టుకుని, అడ్మిషన్ల సమయంలో కరపత్రాలు పంచడానికి. ఒక ఆదివారం దాన్ని ఇంటికి తెచ్చుకుని బటర్ పేపర్ మీద దించాను. పేర్లన్నీ తీసేశాను. ఉత్తరం కిందికి వచ్చేటట్టు తిరగేశాను. అశోక్‌నగర్ వెనక మురుగునీటి నాలాను కాస్త వెడల్పుగా గీసి నది చేశాను. నారాయణగూడ వైపు ఒక ఫ్యాక్టరీ పెట్టాను. గీస్తూ గీస్తూ చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ కాసేపు ఆగింది. తరవాత అదీ గీసేశాను, అందరి ఇళ్లలాగే ఒక చిన్న డబ్బా.

ఆ రోజునుంచి నా నడక పాడైంది. సెంటర్‌కు వెళుతుంటే సందులు సందుల్లా కనబడేవి కావు. వరసగా నిలబెట్టిన బైకులు, మిర్చిబజ్జీల బండి కింద గ్యాస్ సిలిండర్, తలకు తగిలే కేబుల్ వైర్లు, మేడల మీద రేకుల గదులు, వాటికి ఆరేసిన దుప్పట్లు, అన్నీ పైనుంచి కనబడేవి. ఇది అంటుకుంటుంది, ఇది అంటుకోదు, ఇక్కడ గాలి తిరుగుతుంది అని లోపలినుంచి ఎవరో చెబుతున్నట్టు ఉండేది. ఆ చెప్పేది నా గొంతే. పాఠం చెప్పే గొంతు.

జాగ్రఫీ సార్‌కు ఆ పటం చూపిస్తే ఒక్క నిమిషంలో పట్టేశారు.

"మేడం, గిది మన ఏరియానే గదా."

"పిల్లలు గుర్తుపడ్తరంటరా సార్?"

"పట్టరు మేడం. ఆళ్లు రోజు గీ సందులల్లనే నడుస్తరు గని, పైకెళ్లి ఎన్నడు చూసిండ్రు?" ఆయన పటాన్ని నా చేతికి తిరిగి ఇస్తూ, "అయినా గిది ఎందుకు మేడం, మంచిగ లేదు," అన్నారు.

మీకు తెలియదులెండి సార్ అన్నాను. నా ఆలోచన ఏమిటంటే, పరీక్ష పెట్టి, జవాబులు తీసుకుని, ఆ తరవాత పటం తిరగేసి చూపించాలి. మీరు కాల్చింది మీ వీధినే అని చెప్పాలి. అప్పుడు హాలంతా నిశ్శబ్దం కావాలి. ఆ నిశ్శబ్దాన్ని నేను ముందే ఊహించుకుని మురిసిపోయాను కూడా.

ప్రశ్న ఇదీ. "ఇది ఒక పారిశ్రామిక నగరం పటం. మీరు ప్రణాళిక విభాగంలో అధికారి. పగలగొట్టేవి, అంటించేవి, ఆగి పేలేవి, మూడు రకాల బాంబులు మీ దగ్గర ఉన్నాయి. ఏది ముందు, ఏది తరవాత, ఎక్కడ, ఎందుకు? చోటును పటం మీద ఎర్రసున్నాతో చూపి, నూటయాభై పదాల్లో రాయండి. పది మార్కులు."

నలభై రెండు మంది రాశారు. కూలర్ల చప్పుడు తప్ప హాల్లో ఏమీ వినబడలేదు. ఒకడు చెయ్యెత్తి, "మేడం, గాలి దిక్కు ఇయ్యలే," అన్నాడు. నువ్వే ఒకటి అనుకో అన్నాను. ఇంకొకరు, "ఫ్యాక్టరీ మిస్సయితె మార్కులు కట్ అయితయా?" అని అడిగారు. ఆ ఇళ్లలో ఎవరుంటారు మేడం అని ఒక్కరూ అడగలేదు. నేనూ ప్రశ్నలో ఎక్కడా రాయలేదనుకోండి. గంట కొట్టగానే కాగితాలు ముందుకు వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని దిద్దాను. భయం వేసిందంటే నమ్మండి. అన్నీ బాగున్నాయి. ఇన్నేళ్లలో ఇంత శ్రద్ధగా రాసిన జవాబులు నేను చూడలేదు. గాలికి బాణం గుర్తులు, నదివైపు వంతెన ముందు కూల్చాలని, నీళ్ల ట్యాంకు ఎక్కడుండొచ్చో ఊహించి దానికో సున్నా. ఒక పిల్లాడు మా అపార్ట్‌మెంట్ మీద టిక్కు పెట్టి, "ఇక్కడ ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నందున త్వరగా వ్యాపించును," అని రాశాడు. ఆ ఇంట్లోనే కూర్చుని అతనికి ఏడు మార్కులు వేశాను.

దిద్దినంతవరకు ఆ పటాలను ఒకదానిమీద ఒకటి పేర్చి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను. వెలుతురులో ఎర్రసున్నాలన్నీ ఒక్కచోట చిక్కగా పడి ఉన్నాయి. ఎవరికి వారు, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, ఆ ఊరు ఎక్కడ అంటుకుంటే బాగా కాలుతుందో ఒకే సందు చూపించారు. స్వీట్ షాపు వెనక, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సందు. అక్కడ నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టల్ ఉంది. మా సెంటర్‌కు ఐదు నిమిషాల దూరం. 

దాని తరవాత కాగితం, పేరు రాయనని నేను మాటిచ్చిన ఆ అమ్మాయిది. మూడో వరసలో చివరి సీటు, మెదక్ వైపు పల్లె, పిలిస్తే తప్ప మాట్లాడదు. ఉండేది ఆ హాస్టల్లోనే. ఆమె రాసింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఈ పటాన్ని తిరగేస్తే ఇది మన అశోక్‌నగర్. ట్రాన్స్‌ఫార్మర్ సందులో నాలుగంతస్తుల ఇల్లు ఒకటి ఉంది. దానికి మొదటి రకం బాంబు అవసరం లేదు. ఆ బాంబు చేయవలసిన పని అక్కడ ముందే చేసి ఉంది. పై అంతస్తు కప్పు రేకులు. గదుల మధ్య గోడలు లేవు, ప్లైవుడ్ ఉంది. మధ్యాహ్నం ట్యాంకులో నీళ్లు ఉండవు. సందు నిండా బండ్లు, ఫైరింజన్ తిరగదు. వెనక మెట్లకు తలుపు ఉంది కాని గొలుసు వేసి తాళం పెడతారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో మాకు చెప్పరు. మూడో రకం కూడా వద్దు. రెండో రకం ఒక్కటి చాలు. రాత్రంతా చదివి పగలు పడుకునేవాళ్లు అందులో ఇరవై మంది దాకా ఉంటారు."

నలభై రెండు కాగితాల్లో "మాకు" అన్న మాట ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే. అది నాకు అప్పుడే కనబడింది. కనబడలేదని రాసుకుంటే ఈ జ్ఞాపకం నాకు సుఖంగా ఉండేది. చెప్పులేసుకుని బయల్దేరితే పావుగంటలో ఆ హాస్టల్ గేటు దగ్గర ఉండేదాన్ని. బయల్దేరలేదు. ఆ హాస్టల్ నడిపే ఆవిడ ప్రతి ఏడాదీ పాతికమంది పిల్లల్ని మా సెంటర్‌కు పంపేది. ఆమెను కదిలిస్తే డైరెక్టర్ గారు మొహం మాడ్చుకుంటారు. నా మోకాలు నొప్పి. సాయంత్రం చూద్దాం. ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అవి వస్తుండగానే నా చెయ్యి అలవాటుగా పదాలు లెక్కపెడుతోంది. నూటయాభై దాటిందో లేదో చూస్తోంది. చివర ఎర్రపెన్నుతో, "చాలా బాగుంది. స్థానిక ఉదాహరణ మెచ్చుకోదగ్గది. అనవసర వివరాలు తగ్గించాలి," అని రాసి, ఎనిమిదిన్నర వేసి, తరవాతి కాగితం తీశాను. ఆ బ్యాచ్‌లో అదే ఎక్కువ.

క్లాసులో పటం తిరగేసి చూపించాను. "మీరు కాల్చింది మీ వీధినే," అన్నాను. రెండు క్షణాలు నేను కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. తరవాత వెనకనుంచి ఎవరో, "అందుకే ఈజీగ అనిపించింది మేడం," అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు, అదే నాకు ఇంకా బాధ. టాపర్ పేపర్ ఎవరిది మేడం అని అడిగారు.

మా సెంటర్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చిన జవాబును జిరాక్స్ తీసి, ముద్ర వేసి, మెట్ల దగ్గర నోటీసు బోర్డుకు గుచ్చుతారు. పిల్లలు ఫోన్లలో ఫోటో తీసుకుంటారు, గ్రూపుల్లో పెట్టుకుంటారు, బట్టీ పడతారు. ఆ సాయంత్రానికి ఆమె జవాబు బోర్డు మీద ఉంది, నా ఎర్రరాతతో సహా.

అందరూ వెళ్లాక ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది.

"మేడం, నాది మొత్తం సదివిండ్రా?"

"చదివిన. మంచిగ రాసినవ్. జర లిమిట్ చూసుకో."

"వెనకాల తలుపుది గూడ సదివిండ్రా?"

"అంత చదివిన అంటున్న గదా."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. "సరే మేడం," అని మెట్లు దిగిపోయింది. నా నోటికి జంకే పిల్ల. ఇంకోమాట అడిగే ధైర్యం ఆమెకు లేకుండా చేసింది నేనే.

ఆ తరవాతి వారం, యుద్ధంలో సామాన్య ప్రజల కష్టాల మీద పరీక్ష పెట్టాం. వచ్చిన కాగితాల్లో ముప్పైకి పైగా, "వెనక మెట్ల తలుపుకు గొలుసు వేసి తాళం పెట్టుట" అని ఒక పాయింటు. అండర్‌లైన్ చేసి. ఏ నగరంలోనో, ఏ దేశంలోనో లేదు, ఊరికే ఆ వాక్యం. బోర్డు మీద చూసి బట్టీ పట్టేశారు. ఒకే తలుపు, ఒకే గొలుసు, ముప్పై చేతిరాతల్లో నా ముందుకు వచ్చింది. వచ్చినప్పుడల్లా పక్కన "అసందర్భం" అని రాసి అర మార్కు కోశాను. కోస్తున్నప్పుడు ఇంట్లో ఎవరో నా వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించి రెండుసార్లు లేచి వెళ్లి మా ఇంటి తలుపు గడియ తీసి పెట్టాను. మా ఇంటిది.

జాగ్రఫీ సార్ చాయ్ తాగుతూ అడిగారు. "మేడం, బోర్డు మీదున్న పేపర్ సదివిన. గా తాళం సంగతి నిజమేనా?"

"ఏమో సార్. పిల్లలు ఏదో ఒకటి రాస్తరు."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి క్లాసుకు లేచారు. ఆయనా ఆ హాస్టల్‌కు వెళ్లలేదు. ఆ మెట్లు ఎక్కి దిగే మూడువందల మందిలో ఒక్కరమూ వెళ్లలేదు.

ఆ బాంబుల పరీక్ష తరవాత పదకొండో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు నేను క్లాసులో ఉన్నాను. కూలర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. మైకు పోయింది. ఆ నిశ్శబ్దంలోకి ప్లాస్టిక్ కాలిన వాసన మెల్లగా వచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్లకముందే నాకు ఏ సందో తెలుసు. వెనక్కి తిరిగి చూస్తే మూడో వరసలో చివరి సీటు ఖాళీగా ఉంది, బల్లమీద పుస్తకం తెరిచే ఉంది.

మోకాలు నొప్పి ఆ రోజు గుర్తుకు రాలేదు. నేను వెళ్లేసరికి పై అంతస్తు రేకుల కిందనుంచి నల్లటి పొగ వస్తోంది. కూలర్ వైరు దగ్గర మొదలైందని తరవాత చెప్పారు. ఫైరింజన్ సందు మొగలోనే ఆగిపోయింది, బండ్లు అడ్డం. కుర్రాళ్లు బండ్లు ఎత్తి పక్కన పడేస్తున్నారు. మేడ మీద ఎవరో ట్యాంకు మూత తీసి, నీళ్లు లేవని చేతులూపారు. లోపల ప్లైవుడ్ పగిలే చప్పుడు. ఒక్కొక్కటే, ఆ కాగితంలో ఉన్న వరసలో జరిగిపోతోంది. నేను మంటను చూస్తున్నట్టు లేదు. ఒకసారి దిద్దిన కాగితాన్ని ఎవరో నా మెడ వంచి మళ్లీ చదివిస్తున్నట్టు ఉంది. తరవాతి వాక్యం ఏమిటో నాకు తెలుసు.

ఆ అమ్మాయి నాకన్నా ముందే అక్కడుంది. ఫైర్ సిబ్బందిలో ఒకాయన చెయ్యి పట్టుకుని లాగుతోంది. "సార్, ముంగటికెళ్లి కాదు. వెనకకు రాండ్రి. గొలుసుంది, కట్టర్ తెచ్చుకోండ్రి." అంత గట్టిగా ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు. హాస్టల్ ఆవిడ తాళంచెవుల గుత్తి పట్టుకుని, ఒకటి తరవాత ఒకటి చూస్తూ, ఏడుస్తూ నిలబడిపోయింది. వెనక సందులోకి కట్టర్ తీసుకెళ్లి గొలుసు తెంపారు. పంతొమ్మిది మంది ఆ తలుపులోంచి బయటికి వచ్చారు, నిద్రమొహాలతో, చున్నీలు ముక్కుకు కట్టుకుని. నేను ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను.

ఇరవయ్యో అమ్మాయి తలుపు తెరుచుకునేదాకా ఆగలేకపోయింది. అంతకు రెండు నిమిషాల ముందు మూడో అంతస్తు కిటికీలోంచి పక్కింటి రేకుల మీదికి దూకింది. బతికింది. తుంటి ఎముక విరిగింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తున్న పిల్ల, రోజూ పొద్దున్నే నెక్లెస్ రోడ్డు దాకా వెళ్లి వచ్చేది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోందట. పరుగు మాత్రం ఇక లేదు.

మీరు ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఇంటికొచ్చి పడుకున్నాను.

రెండో రోజు జాగ్రఫీ సార్ ఫోన్ చేశారు. ఆ అమ్మాయిని పోలీసులు పిలిపించారని. హాస్టల్ ఆవిడ ఎవరి ఫోన్లోనో ఉన్న బోర్డు ఫోటో సంపాదించి స్టేషన్లో ఇచ్చిందట. చూడండి, మా బిల్డింగ్ ఎట్ల తగలబడుతుందో ఈ పిల్ల పదకొండు రోజుల ముందే రాసిపెట్టుకుంది, తలుపు సంగతిలో నాతో గొడవపడింది, ఆ తాళం కూడా మేం వేసింది కాదు, ఇదే వేసి ఉంటుంది, అంటుకున్నప్పుడు ఇది లోపల లేదు కూడా. ఇదీ ఆమె మాట. ఆ గొలుసు ఏళ్లుగా ఉందని చెప్పగలిగిన పిల్లల్ని అదే రోజు తల్లిదండ్రులు వచ్చి ఊళ్లకు తీసుకుపోయారు. మిగిలినవాళ్లు, ఉద్యోగం రాకముందే పోలీస్ స్టేషన్ గడప ఎందుకని నోరు విప్పలేదు. వాళ్లను తప్పుపట్టను. కేసు కాగితంలో ఒక్కసారి పేరెక్కితే సర్కారు ఉద్యోగం సంగతి ఏమవుతుందో అశోక్‌నగర్‌లో అందరికీ తెలుసు. ఆ అమ్మాయికి మరీ బాగా తెలుసు.

నేను స్టేషన్‌కు బయల్దేరుతుంటే డైరెక్టర్ గారు మా ఇంటికే వచ్చారు.

"మేడం, మిమ్మల్ని గూడ అడుగుతరు. సదవలేదని చెప్పుండ్రి. అయిపోతది."

"మార్కులు నా రాతే గదా సార్."

"నలభై పేపర్లు ఎవరు సదువుతరు మేడం? అందాజగ ఏస్తం. అందరికి ఎరికనే." ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు. "మీకు మంచిది, సెంటర్‌కు మంచిది."

"మరి ఆ పిల్లకు?"

ఆయన నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టారు. "పిల్ల సంగతి ఆళ్ల అమ్మనాయనలు చూసుకుంటరు."

స్టేషన్ వరండాలో ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో కరెంట్ అఫైర్స్ పత్రిక తెరిచి ఉంది గానీ కళ్లు దాని మీద లేవు. నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులో నిలబడ్డట్టే. నాకు ఏడుపొచ్చింది. కూర్చోమని చెయ్యి చూపించి లోపలికి వెళ్లాను.

ఎస్సై చిన్నవాడు. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. "నేను మీ దగ్గరనే సదువుకున్న మేడం. ఎనుక బెంచీ. మీకు యాదికుండదు," అన్నాడు. నిజంగానే గుర్తులేదు. బల్లమీద ఆ జవాబు ప్రింటు తీసి పెట్టుకున్నాడు. ముద్ర, ఎర్రరాత, ఎనిమిదిన్నర, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"మేడం, ఈ కాగితాన్ని రెండు తీర్ల సదవొచ్చు," అన్నాడు. "తగలబెట్టెతందుకు రాసుకున్న ప్లాన్ అనుకోవచ్చు. లేకపోతె, మమ్మల్ని కాపాడుండ్రి అని ఇచ్చుకున్న దరఖాస్తు అనుకోవచ్చు. దరఖాస్తు అయితె అది ఎవరికో ఒకరికి ఇయ్యాలె. తీసుకున్నోళ్లు తీసుకున్నమని ఒప్పుకోవాలె. అప్పుడు ఆ పిల్ల సాక్షి అయితది. లేకపోతె ఏమైతదో మీకు చెప్పే పని లేదు."

"నాకిచ్చింది. నేనే తీసుకున్న."

"సదివిండ్రా?"

"చదివిన."

"అంటె, ఉత్త ఆన్సర్ అనుకుని సదివిండ్రా? లేకపోతె తాళం సంగతి నిజమని సమజైందా?"

ఇక్కడ నేను తప్పించుకోవడానికి ఒక సందు ఉంది. ఉత్త జవాబనే అనుకున్నాను అంటే నా మీదికి ఏమీ రాదు. ఎవరూ కాదనలేరు, నా లోపలికి ఎవరూ చూడలేరు. కానీ నేను దాన్ని ఉత్త జవాబు అనుకున్నానంటే, అది ఉత్త జవాబే అవుతుంది. బాంబులు ఎక్కడ వేయాలో నేను అడిగితే, తన ఇల్లు ఎలా తగలబెట్టాలో రాసిన పిల్లగానే ఆమె మిగులుతుంది. గోడమీద ఫ్యాను తిరుగుతోంది. బల్లమీద కాగితం లేస్తూ పడుతూ ఉంది. 

"సమజైంది," అన్నాను. "చదివిన నాడే సమజైంది."

అతను తల ఊపి, తలుపు దగ్గరున్న కానిస్టేబుల్‌తో, "ఆ అమ్మాయిని ఇంటికి పొమ్మను. సాక్షిగ పిలుస్తమని చెప్పు," అన్నాడు. వరండాలో బెంచీ జరిగిన చప్పుడు వినబడింది. తరవాత తెల్లకాగితం ముందుకు లాక్కుని, నావైపు చూడకుండా అడిగాడు.

"సమజైనంక ఏం చేసిండ్రు మేడం?"

చెప్పాను. ఒక్క మాటే కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. రాయడానికి మాత్రం అతనికి చాలాసేపు పట్టింది. అయ్యాక, రాసింది చదివి వినిపించడం నియమం మేడం అని చదివాడు. పోలీసు కాగితాల భాష మీకు తెలుసు కదా, దాంట్లో ఎవరికీ దాక్కునే చోటుండదు.

"సదరు విద్యార్థిని తాను నివసించు హాస్టలు వెనుక తలుపునకు తాళము ఉన్నదనియు, అగ్ని ప్రమాదము సంభవించినచో బయటపడు మార్గము లేదనియు నాకు వ్రాతపూర్వకముగా తెలియజేసినది. నేను దానిని పూర్తిగా చదివి, విషయము గ్రహించి, పదికి ఎనిమిదిన్నర మార్కులు వేసితిని."

"కరెక్టేనా మేడం?" అన్నాడు.

కరెక్టేనని చెప్పి, అతని పెన్ను తీసుకుని కింద సంతకం పెట్టాను.